చెక్కేసిన పంక్తి

ముత్తుకూరు దాటాక, కండలేరు ఉప్పెక్కే చోట
ఓబులమ్మ గుడిసె ముందు మెట్టు రాయి అది.
నెత్తళ్ళు కడిగిన నీళ్ళు ఎన్నేళ్ళుగానో తాగింది.
పీచుతో రుద్దాను. తడి కాగితం పరిచాను.
అక్షరం లోతులోకి కాగితం కూర్చునేదాకా
బ్రష్షుతో మెల్లగా కొడుతూనే ఉన్నాను.

"ఏందబ్బయ్యా, రాయికి కట్టు కడతన్నావా?"

స్వస్తి శ్రీ.
సూర్యుడితో మొదలైంది, అందరి వంశాల్లాగే.
సూర్యుడికి మనువు, మనువుకు ఎవరో,
ఆ ఎవరికో, కావేరికి కట్ట పోసిన దొర.
నాలుగు పంక్తుల్లో మూడు యుగాలు దూకి
అయిదో పంక్తి దగ్గర ఆగింది.

అక్కడ తాత పేరుండాలి.
ఉలి దెబ్బలున్నాయి.
కోపంతో కొట్టినవి కావు,
కూలికొచ్చినవాడు పొద్దుగూకేదాకా
ఓపిగ్గా కొట్టినవి.

ఆరో పంక్తిలో మళ్ళీ గొంతు లేచింది:
వాని మనుమడు, దాయగజకేసరి,
సముద్రపు మొగకు తలుపు గడియ, బయ్యనాయకుడు.

తాత సంగతి ఓబులమ్మ చెప్పింది, వల అతుకుతూ.
"సోనకోడు. గుర్రాల ఓడ మొగలో ఇసక మేటెక్కింది.
గుర్రాలన్నీ పోయినయ్. వాడొక్కడే తేలినాడు.
మా వాళ్ళ పిల్ల గంజి పోసింది.
గంజి తాగినోడు ఇంక పోలా."
ఆ పిల్ల పేరేంటి, అన్నాను.
సూది ఆగింది.
"ఆడోళ్ళ పేర్లు ఏ రాతి మీద చూసినావు నాయనా?"

బయ్యడు ఏడేళ్ళవాడై నెల్లూరు కోటలో తాకట్టున్నాడు.
తండ్రి కప్పం తప్పితే తెగాల్సిన మెడ అది.
ఆ మెడతోనే పద్యాలు నేర్చాడు, కత్తి నేర్చాడు,
పెన్న నీళ్ళు తియ్యగా ఉన్నాయని ఏడ్చాడు.
తిరిగొచ్చేసరికి రేవువాళ్ళకి వాడి మాట కోటమాట,
కోటవాళ్ళకి వాడి ఒంటిమీద చేపల వాసన.
గుర్రానికో మాడ, కర్పూరం పెట్టెకో చిన్నం
సుంకం తీశాడు.
సగం పైదొరకు లెక్క చెప్పాడు.

మారుతల్లి కొడుకు గుండయ మిగతా సగం అడిగాడు.
ఆటు నీళ్ళప్పుడు, బురదలో పడేసి,
కళ్ళల్లో సున్నం.
రాయి దాన్నే దాయగజకేసరి అంటోంది.
ఎంత అందమైన సమాసం!

పదేళ్ళకి పడమటి నుంచి సైన్యం దిగింది.
అమావాస్య. మొగలో మేటలు తావులు మారాయి.
నలభై పడవలు, పిల్లలు, మేకలు, వల కుప్పలు.
దారి తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే.
బురద వాసన పట్టి లోతు చెప్పేవాడు.
గుండయ చుక్కాని పట్టాడు.
బయ్యడు వాడి పక్కన దీపం ఎత్తి నిలబడ్డాడు.
"ఆర్పన్నా," అన్నాడంట గుండయ,
"నాకు దాంతో పన్లా. వాళ్ళకి మనం కనపడతాం."

"మన్నించినట్టేనా?" అని అడిగాను.
ఓబులమ్మ వల దులిపింది.
"మొగ దాటించినాడు. అంతే మాకు తెలిసింది."

కింద పంక్తుల్లో దానం సంగతి ఉంది.
తమ్ముడు గుండయకు పుణ్యముగా
అఖండదీపానికి ఇరవైఅయిదు గొర్రెలు,
సూర్యచంద్రులున్నంతకాలం నెయ్యి.
గుడ్డివాడి పేరున ఆరని దీపం!
నవ్వబోయాను. నవ్వు రాలేదు.
ఆ ముసలి దొర, ఆర్పిన ఆ ఒక్క దీపాన్ని
చచ్చేదాకా వెలిగించుకుంటూ కూర్చున్నాడేమో.
ఏమో. రాయి అంతవరకు చెప్పదు.

ఉలి పట్టించింది బయ్యడి కొడుకంట.
మెట్ట దొరల పిల్లని చేసుకున్నాక
సోనకుడు అడ్డమయ్యాడు, గంజి అడ్డమయింది.
సూర్యుడైతే ఎవరికీ అడ్డం రాడు.

సిరా అద్దాను. కాగితం లేపాను.
గీసినదంతా తెలుపు, గీయనిదంతా నలుపు.
బిరుదులు సన్నగా, వెంట్రుకల్లా పడ్డాయి.
అయిదో పంక్తి మాత్రం
జానెడు మేర తెల్లగా, మొగలో తెల్లారినట్టుంది.

"అయిందా? జరుగు మరి,"
అంటోంది ఓబులమ్మ, తట్ట దించుతూ.
"ఎండ పోతే నెత్తళ్ళు ఎండవు."